గూడబాతుకు పాస్‌పోర్టు లేదు

మన దగ్గర పక్షికి గౌరవం దక్కాలంటే అది ఫారిన్ నుంచి వచ్చి ఉండాలి. కాకి, గోరింక, కొక్కిరాయి ఎంత కష్టపడి బతికినా వాటికి సన్మానం లేదు. పాలపిట్ట కొంత నయం. దసరా నాడు దాని కోసం ఊరి పొలిమేర దాకా నడుస్తాం, కనిపిస్తే దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాం, మళ్ళీ ఏడాది దాకా అది ఉందో పోయిందో మనకు పట్టదు. అదే పక్షి పేరు ముందు ‘సైబీరియా’ అని ఒక్క మాట తగిలించి చూడండి, ఊరు ఊరంతా కదులుతుంది. ఫ్లెక్సీలు లేస్తాయి, షామియానాలు లేస్తాయి, స్పెషల్ బస్సులు కూడా వేస్తారు.

సూళ్లూరుపేట కేంద్రంగా, పులికాట్ సరస్సు చుట్టూ జనవరిలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్‌ని ఆ చుట్టుపక్కల వాళ్ళు పక్షుల పండగ అంటారు. అక్కడ ఒక రోజు గడిపి వచ్చాక ఇది రాస్తున్నాను. నిందించడానికి కాదు సుమా. పక్షిని చూడకుండా పక్షుల పండగ చేసుకోవడం ఎంత కష్టమైన విద్యో, అందులో మనం ఎంత ఆరితేరామో నలుగురికీ తెలియాలని.

ముందు ఉపన్యాసాల సంగతి. ఏ ఊళ్ళో పక్షుల సభ పెట్టినా మైకు పట్టుకున్న పెద్దమనిషి రెండో వాక్యానికల్లా సైబీరియా చేరుకుంటాడు. “వేల మైళ్ళు దాటి, మంచు కొండలు దాటి, మన ఆతిథ్యం కోరి వచ్చిన విదేశీ అతిథులు” అనగానే చప్పట్లు. తర్వాతి వక్త ఇంకో రెండు వేల మైళ్ళు పెంచుతాడు. మూడో ఆయన ఎందుకైనా మంచిదని ఆస్ట్రేలియాను కూడా కలుపుతాడు. ఈ లెక్కన ఇంకో ఇద్దరు మాట్లాడితే ఆ పక్షులు చంద్రుడి మీద నుంచి దిగి ఉండేవి. పక్కనే శ్రీహరికోట కాబట్టి అదీ నమ్మేవాళ్ళం.

అసలు సంగతి వింటే సభ చిన్నబోతుంది. ఆ పక్కనే ఉన్న నేలపట్టు చెరువులో గూళ్ళు కట్టే గూడబాతు సైబీరియా మొహం చూడలేదు. అది దక్షిణ భారతదేశపు పక్షి. ఇక్కడే పుడుతుంది, ఇక్కడే పెరుగుతుంది, వాన పడిన చోటికీ చేప దొరికిన చోటికీ మన చెరువుల మధ్యనే తిరుగుతుంది. శ్రీలంకలో ఉంది, కాంబోడియాలో ఉంది. దాని పక్క కొమ్మ మీద ఉండే నత్తగుల్ల కొంగ మనదే. ఒంటి మీద రంగులు పులిమినట్టుండే ఎర్రకాళ్ళ కొంగ మనదే. నీటికాకి మరీ మనది. పండగకు పేరిచ్చిన ఫ్లెమింగో కూడా మన దేశంలో పెద్ద ఎత్తున గూళ్ళు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. గుజరాత్ నుంచి వచ్చిన వాళ్ళను మనం విదేశీ అతిథులు అనడం లేదు కదా.

మరి నిజంగా ఉత్తరాసియా దాకా వెళ్ళొచ్చే పక్షులు పులికాట్‌లో లేవా అంటే, బోలెడున్నాయి. సూదితోక బాతులున్నాయి, బురదలో పరుగులు పెట్టే పిడికెడంత ఉల్లంకులున్నాయి. కానీ అవి మట్టిరంగులో, బక్కగా, ఫొటోకు పనికిరాకుండా ఉంటాయి. వేల మైళ్ళు ఎగిరి వచ్చింది అవి, శాలువా కప్పించుకున్నది పక్కనున్న గులాబీ రంగుది.

ఇది తెలియక జరిగే పొరపాటని మీరు అనుకుంటే మన తెలివిని తక్కువ అంచనా వేసినట్టే. పక్షిని అతిథిని చేయడంలో పెద్ద సౌకర్యం ఉంది. అతిథికి ఏం కావాలి? దండ కావాలి, రెండు మంచి మాటలు కావాలి, బస్టాండు దాకా సాగనంపితే అయిపోయింది. ఊళ్ళో మనిషికి అలా కాదు. ఇల్లు కావాలి, నీళ్ళు కావాలి, తిండి కావాలి, అవి ఏడాది పొడుగునా ఉన్నాయో లేదో చూసే బాధ్యత ఊరిది. గూడబాతు మన ఊరిదే అని ఒప్పుకుంటే రేపటి నుంచి చెరువు సంగతి, చేప సంగతి, గూడు కట్టే చెట్టు సంగతి పట్టించుకోవాలి. అంత పని పెట్టుకోవడం కంటే దానికి ఒక వీసా కొట్టి పంపడం తేలిక. “సీజన్ అయ్యాక వెళ్ళిపోతాయండీ” అంటే ఇక అడిగేవాడు లేడు.

పండగ చరిత్రలో ఒక చిన్న ముక్క నాకు భలే నచ్చింది. 2020 జనవరి తర్వాత ఈ పండగ ఆగిపోయింది. మళ్ళీ 2025 జనవరి 18, 19, 20 తేదీల్లో జరిపారు. ఆ మధ్యలోని ఏళ్ళలో జ్యోతి ప్రజ్వలన లేదు, లేజర్ లైట్లు లేవు, సినిమా పాటలు లేవు, సైబీరియా మీద ఒక్క ఉపన్యాసం లేదు. పైగా 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది, ఆ సంగతీ ఎవరూ పక్షులకు చెప్పినట్టు లేదు. అయినా అవి సిగ్గులేకుండా వచ్చి గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకుని పోయాయి. పిలవని పేరంటానికి రావడం తప్పని వాటికి తెలియదు. అసలు పేరంటం తమదేనని అంతకన్నా తెలియదు.

ఇక మైదానం. పండగంటే మైదానమే, మిగతావన్నీ దాని అనుబంధాలు. గేటు దగ్గర థర్మాకోల్ ఫ్లెమింగో ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. దాని మెడ చుట్టూ చెయ్యి వేసి ఫొటో దిగడానికి ఉన్నంత వరస ఆ రోజు చెరువు గట్టు మీద ఎక్కడా కనిపించలేదు. న్యాయమే. థర్మాకోల్ పక్షి దగ్గరగా ఉంటుంది, కదలదు, రెట్ట వేయదు. ‘ప్రకృతిని కాపాడుదాం’ అని రాసిన ఫ్లెక్సీ ఇరవై అడుగుల ప్లాస్టిక్ గుడ్డ మీద అచ్చయి గాలికి టపటపలాడుతుంటుంది. పండగ మొత్తంలో రెక్కలు కొట్టుకున్న చప్పుడు దగ్గరగా వినబడింది దాని దగ్గరే.

ముందు వరస సోఫాలు పెద్దలకు. సోఫాల వెనక కుర్చీలు పెద్దల వెంట వచ్చిన వాళ్ళకు. వాళ్ళ వెనక, ఎండలో, యూనిఫారాల్లో స్కూలు పిల్లలు. ఏ సభకైనా పిల్లల్ని పొద్దున్నే తెచ్చి కూర్చోబెట్టడం మనకు అలవాటు. పెద్దలు వచ్చేసరికి మైదానం నిండుగా కనిపించాలి, పిల్లలు లేచి వెళ్ళిపోరు కాబట్టి అందుకు వాళ్ళే తగినవాళ్ళు. ఒక పాప చేతిలో అట్టతో చేసిన ఫ్లెమింగో బొమ్మ ఉంది. దాని కాలు చూసి పక్కనున్న టీచరమ్మను అడిగింది: “టీచర్, దీని మోకాలు ఎనక్కి వంగి ఉండాదేంది?”

ఆ మైదానంలో విన్న మాటల్లో నిజంగా పక్షి గురించిన మాట ఇదొక్కటే. అది మోకాలు కాదు, మడమ. పక్షి నిలబడేది వేళ్ళ మీద. మనకు వెనక్కి వంగినట్టు కనిపించేది దాని చీలమండ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట దగ్గర ఈకల్లో దాగి ఉంటుంది. అర నిమిషంలో చెప్పొచ్చు, చెబితే ఆ పాప జన్మలో మరిచిపోదు. టీచరమ్మ పాపం వేదిక వంక చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది: “ష్, పెద్దోళ్ళు మాట్లాడతా ఉండారు.” ఆ పెద్దాయన అప్పుడు సైబీరియాలో ఉన్నాడు.

సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమాలు. పక్షికీ ఐటెం సాంగుకీ ఏమిటి సంబంధమని ఎవరైనా అడిగితే వాళ్ళకు సంస్కృతి తెలియదని అర్థం. చేపల పులుసు దగ్గర మాత్రం నేనూ వరసలో నిలబడ్డాను. నెల్లూరు పులుసును కాదనే స్థాయికి నా వ్యంగ్యం ఇంకా ఎదగలేదు. అటు చెరువులో అదే చేప కోసం గూడబాతు కూడా వరసలోనే ఉంది, కాకపోతే దానికి టోకెన్ ఇవ్వరు.

మైదానం వదిలి దొరవారిసత్రం వైపు వెళ్తే నేలపట్టు. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. మొత్తం కలిపినా 4.6 చదరపు కిలోమీటర్లే. ఈశాన్య రుతుపవనాల వానకు చెరువు నిండితే నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద పక్షులు గూళ్ళు పెడతాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా అక్కడ కాన్పులు, బారసాలలు. అంటే పండగ జరిగే జనవరి నాటికి గూళ్ళలో పసిపిల్లలుంటాయి. బాలింత ఉన్న గదిలోకి బ్యాండు మేళంతో వెళ్ళే ఆచారం మన ఇళ్ళలో లేదు, పక్షుల విషయంలో మాత్రం ప్రత్యేక సడలింపు ఇచ్చుకున్నాం.

గట్టు మీద నడక మొదలవగానే మన జాతి లక్షణం బయటపడుతుంది. నిశ్శబ్దంగా ఉండమని బోర్డు ఉంటుంది. దాన్ని గట్టిగా చదివి వినిపించేవాడు ఒకడుంటాడు. నా ముందు నడుస్తున్న కుటుంబంలో పెద్దాయన ఫోన్లో పాట పెట్టాడు, నడకకు హుషారుగా ఉంటుందని. కుర్రాడు చిప్స్ పొట్లం చించాడు. ఇంకొకాయన చెట్ల వైపు చూసి విసుగ్గా “ఇవి ఎగరవేంది?” అన్నాడు. టికెట్ కొన్నాం కాబట్టి ఎగరాలి. కాసేపు ఆగి రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు, ఈల కూడా వేశాడు.

అక్కడ కాపలా ఉన్న మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఖాకీ చొక్కా, కాళ్ళకు రబ్బరు చెప్పులు. “కొట్టబాకండి సామీ, పిల్లలుండాయి. తల్లి లేచిపోతే ఎండకు పడతాయి, కాకులు ఎత్తుకుపోతాయి” అన్నాడు. సామి నొచ్చుకున్నాడు. “మేం చూడ్డానికే గదయ్యా వచ్చింది” అన్నాడు. చట్టం ప్రకారం చూస్తే ఆ కాపలా మనిషి చెప్పిందే రూలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. సెక్షన్ 27, సబ్ సెక్షన్ 4. అభయారణ్యంలో జంతువులను ఏడిపించకూడదు, చెత్త వేయకూడదు. ఒకే వాక్యంలో రెండూ రాశారు. రాసినవాళ్ళు మన పిక్నిక్కులు దగ్గరుండి చూసినట్టున్నారు.

గుంపు ముందుకు సాగాక ఆ మనిషి నన్ను స్టాండు మీద బిగించిన దుర్భిణీ దగ్గరకు పిలిచాడు. “ఆ మూడో చెట్టు, కుడి పక్క కొమ్మ. కన్ను ఆనించి రోంతసేపు ఉండండి, తొందర పడబాకండి.” మొదట ఆకులే కనిపించాయి. తర్వాత పుల్లల గూడు, రెట్టతో తెల్లగా సున్నం కొట్టినట్టు. గూట్లో రెండు పిల్లలు. పెద్ద గూడబాతు వచ్చి గూటి అంచున దిగి నిలదొక్కుకుంది. పై ముక్కు అంచున వరసగా చుక్కలు. అది నోరు తెరవగానే ఒక పిల్ల తలను, మెడను, దాదాపు భుజాల దాకా తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది. తల్లి మెడ పాములా ఒక పక్కకు ఉబ్బింది. లోపల పిల్ల పెనుగులాడుతుంటే సంచి చర్మం సాగి, ఎండకు నరాలు ఎర్రగా కనిపించాయి. రెండో పిల్ల తన వంతు రాదేమోనని అన్న వీపును పొడుస్తోంది. పిల్ల తల బయటికి తీసేసరికి దాని ముక్కు మీద చేప పొలుసు ఒకటి అంటుకుని తళతళలాడింది.

ఇదంతా రెండు మూడు నిమిషాలు. టికెట్టుకు ఇంత కథ నడుస్తుంటే గట్టు మీద జనం “ఏం లేదు, పదండి, మైదానంలో ప్రోగ్రాం మొదలైపోతుంది” అనుకుంటూ వెళ్ళిపోతున్నారు. “రోజంతా ఇదే పనా?” అని కాపలా మనిషిని అడిగాను. “పక్షులతో ఏం ఇబ్బంది లేదు సార్. మనుషులొచ్చే రోజే కష్టం” అన్నాడు. పండగ నాడు ఆయనకు శాలువా కప్పారో లేదో అడగలేదు. చొక్కా చూస్తేనే తెలుస్తోంది.

పండగ కమిటీల కన్నా ముందే ఈ పని తెలిసిన వాళ్ళు ఉన్నారు. నేలపట్టు రైతులు ఆ పక్షుల్ని తరాలుగా తరమలేదు, కొట్టలేదు. జాలి గుండె ఒక్కటే కారణం కాదు, లెక్క కూడా ఉంది. రెట్ట కలిసిన చెరువు నీళ్ళు మడిలోకి పారితే వరికి ఎరువు అని వాళ్ళ అనుభవం. శ్రీకాకుళం వైపు తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. ఊరి వాళ్ళు వాటిని పురిటికి వచ్చిన ఆడపడుచులంటారు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు ఊరినానుకునే ఉంటాయి. తమిళనాడు శివగంగ జిల్లాలో కొల్లుకుడిపట్టి వాళ్ళు పక్షులు బెదురుతాయని దీపావళికి టపాకాయలే కాల్చరు. వీటిలో ఏ ఊరికీ ఈ మర్యాద నేర్పడానికి ఈవెంట్ మేనేజర్ అవసరం పడలేదు. వీళ్ళెవరూ పక్షిని ఏ దేశమని కూడా అడగలేదు.

చివరగా ఫ్లెమింగో దర్శనం. అది లేకుండా తిరిగి వెళ్తే ఇంట్లో రానివ్వరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది, అటకానితిప్ప దగ్గర కార్లు ఆపుతారు. దూరాన, నీళ్ళూ ఆకాశమూ కలిసే చోట, లేత గులాబీ గీత ఒకటి. అదే. “అంతేనా!” అన్న మాట ఆ రోడ్డు మీద నేను వినీ వినీ విసిగిపోయాను. ఫోన్లో జూమ్ చేస్తే గీత కాస్తా చుక్కలవుతుంది, చుక్కలు కాస్తా మసకవుతాయి. దుర్భిణీతో చూసినవాళ్ళకు తెలుస్తుంది, అవి వంచిన తల ఎత్తకుండా పనిచేస్తున్నాయని. తలకిందులుగా ముక్కు నీళ్ళలో ముంచి, నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి తోసి, నాచూ సన్న పురుగులూ జల్లెడ పట్టుకుని తింటాయి. ఆ తిండిలోని రంగే వాటి ఒంటికి పట్టేది. పుట్టినప్పుడు అవీ బూడిద రంగు పిల్లలే. అంటే మనం చూసి మురిసే గులాబీ ఆ సరస్సు నీళ్ళలోంచి వచ్చిందే. నీళ్ళు చెడితే రంగు పోతుంది, రంగు పోతే పండగ పోతుంది. పక్షి మీద ప్రేమ లేకపోయినా కనీసం ఫ్లెక్సీ మీద ప్రేమతోనైనా సరస్సును చూసుకోవాల్సిన మాట.

చూసుకుంటున్నామా? పులికాట్ మన దేశంలో చిలకా తర్వాత రెండో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. అరణి, కాళంగి ఏర్లు మంచినీళ్ళు తెస్తాయి, ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పునీళ్ళు తెస్తుంది. రెండూ కలిస్తేనే అందులో చేప, రొయ్య, నాచు, పురుగు, ఆ తర్వాతే పక్షి. మన వైపు రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ముఖద్వారాలు ఇసుక మేట వేసి పూడుకుపోతున్నాయని జాలర్లు ఎన్నేళ్ళ నుంచి మొత్తుకుంటున్నారో వాళ్ళ పిల్లలకు కూడా కంఠతా వచ్చేసింది. మనం కార్లాపి సెల్ఫీలు దిగిన ఆ రోడ్డే సరస్సును అడ్డంగా రెండు ముక్కలు చేసి నీటి రాకపోకలకు అడ్డం పడింది. రాకెట్లకు దారి కావాలి, కాదనను. అయితే ఆకాశంలోకి ఉపగ్రహాన్ని గురి చూసి వదిలే తెలివి ఉన్న చోటనే, ఇసుక తవ్వి సముద్రపు నీళ్ళను సరస్సులోకి వదిలే పని ఇంత దుర్లభమెందుకైందో నాకు అంతుపట్టదు. వేసవికి సరస్సు ఉత్తర భాగం ఎండి, నేల నెర్రెలు విచ్చుతుంది. వలలు ఇంట్లో చూరుకు వేలాడతాయి, వాటి మనుషులు కూలి వెతుక్కుంటూ పోతారు. ఆ సమయంలో వాళ్ళ కోసం ఏ వేదికా లేవదు. వాళ్ళు సైబీరియా నుంచి రాలేదు మరి.

అందుకని నాదొక సవినయ ప్రతిపాదన. జనవరిలో ఇంత అవస్థ ఎందుకు, పండగను మే నెలకు మార్చండి. అప్పటికి గూళ్ళు ఖాళీ, కాబట్టి ఎంత పెద్ద స్పీకర్లు పెట్టినా “కొట్టబాకండి సామీ” అని అడ్డం వచ్చేవాడు ఉండడు. చూడ్డానికి పక్షి ఉండదు కాబట్టి “అంతేనా” అని పెదవి విరిచేవాడూ ఉండడు. దుర్భిణీల అద్దె మిగులుతుంది. స్కూళ్ళకు సెలవులు గనక మోకాలి ప్రశ్నలు రావు. థర్మాకోల్ ఫ్లెమింగోకు ఎండాకాలం ఇబ్బంది లేదు, అది నీళ్ళు తాగదు. మైదానం చాలడం లేదన్న బాధ కూడా తీరుతుంది. వేదికను తీసుకెళ్ళి సరస్సు నడిబొడ్డునే వేసుకోవచ్చు, నేల గట్టిగానే ఉంటుంది, గుంజలు బాగా దిగుతాయి. ఎన్ని కార్లు వచ్చినా పార్కింగ్‌కు లోటుండదు.